వారమునకు మూడు దినములు



మూత్రపిండములు రెండును పనిచేయుట మానినవని, ఇక డయాలసిస్ తప్పదని వైద్యుడు చెప్పిన నాటినుండి ఒక ఇంటి పంచాంగమే మారిపోవును. తిథివారనక్షత్రములు చూచి పనులు పెట్టుకొను అలవాటు గల కుటుంబమునకు అటుపైన రెండు విధములైన దినములే మిగులును: డయాలసిస్ ఉన్న దినము, లేని దినము. సోమ, బుధ, శుక్రవారముల జట్టులో చేరినవానికి మేనకోడలి పెండ్లి బుధవారము నాడు కుదిరినచో, ముహూర్తమెంత దివ్యమైనదైనను, ఆ వేళకు అతడు ఆసుపత్రి మంచము మీద ఎడమచేయి చాచి పడుకొని యుండవలసినదే. వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటలు. అనగా వారములోని 168 గంటలలో 12 గంటలు మాత్రమే యంత్రమునకు పోవునని లెక్కకు తేలును. కాని ఆ పండ్రెండు గంటలకు ముందు కలుగు బెంగయు, తరువాత కలుగు నీరసమును తక్కిన గంటలను ఎంతవరకు ఆక్రమించుకొనునో ఆ రోగికిని, అతని ప్రక్కన కూర్చుండు ఇల్లాలికిని తెలిసినట్లు అన్యులకు తెలియదు.

ఈ చికిత్స దేహమునకు చేయు మేలేమో విశదముగా చెప్పగలవారు మన ఆసుపత్రులలో ఉన్నారు. మనస్సునకు దీనివలన కలుగు మార్పేమో చెప్పువారు అరుదు. అడుగువారు మరియు అరుదు. "ధైర్యముగా ఉండవలెను" అను ఒక్క మాటతో ఆ ప్రస్తావమును ముగించుట మనకు పరిపాటియైనది. ఆ మాటలో ఉన్న ప్రేమను నేను శంకించను. అయినను, దుఃఖమును అనుభవించుటకు తావీయక ధైర్యమును ఆజ్ఞాపించినంతమాత్రమున అది రాదనియు, తన దేహము మీదను తన దినము మీదను కొంత అధికారము తిరిగి చేతికి వచ్చినప్పుడే ఆ రోగి మనస్సు కుదుటపడుననియు నా దృఢవిశ్వాసము. నేడు మీతో ముచ్చటింపదలచినది ఆ సంగతియే.

డయాలసిస్, అనగా యంత్రముతో రక్తమును శుద్ధిచేయుట, మొదట దీర్ఘకాలమునకు ఉద్దేశింపబడినది కాదు. 1943 ప్రాంతమున, జర్మనుల ఆక్రమణలో మ్రగ్గుచున్న హాలండు దేశమున, కాంపెన్ అను చిన్న పట్టణములో విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు కొయ్యబద్దల పీపాకు సెల్లొఫేను గొట్టము చుట్టి, దానిని ఉప్పునీటి తొట్టెలో త్రిప్పుచు, రోగి రక్తములోని మలినములు ఆ పలుచని పొర గుండా నీటిలోనికి పోవునట్లు చేసెను. తొలుత చికిత్స పొందినవారిలో దాదాపు అందరును మరణించిరి. అయినను ఆయన విడువలేదు. 1945 సంవత్సరమున 67 ఏండ్ల వృద్ధురాలొకతె స్పృహ తెలిసి లేచి కూర్చుండెను. కాని ప్రతి పర్యాయము ఒక క్రొత్త రక్తనాళమును కోయవలసి వచ్చుటచేత కొలది దినములకు మించి ఈ చికిత్స సాగునది కాదు. మూత్రపిండములు తాత్కాలికముగా మూర్ఛిల్లి తిరిగి తేరుకొనువారికే అది ఉపకరించెను.

1960 మార్చి మాసమున అమెరికాలోని సియాటిల్ నగరములో బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు టెఫ్లాను గొట్టమును రోగి ముంజేతిలో శాశ్వతముగా నిలిపి, కోరినప్పుడెల్ల రక్తమును వెలికి తీసి మరల లోనికి పంపు ఉపాయమును కనుగొనెను. క్లైడ్ షీల్డ్స్ అను యంత్రకారుడు ఆ చికిత్స పొందిన మొదటివాడు. పదునొకండు సంవత్సరములు జీవించి 1971లో గుండెపోటుతో మరణించెను. వైద్యశాస్త్రమునకు అది మహావిజయము. ఆ విజయముతో పాటు, అంతకుముందు లోకములో లేని ఒక జీవనస్థితి పుట్టినది. మరణము రాలేదు, రోగము పోలేదు, యంత్రము లేక వారము గడవదు: ఇట్టి స్థితిలో ఏండ్లతరబడి బ్రతుకుట ఎట్లో ఏ పూర్వుడును మనకు చెప్పిపోలేదు. క్షయరోగి ఎట్లుండవలెనో, ప్రసవించిన స్త్రీ ఎట్లుండవలెనో, చావు మైల ఎన్నాళ్ళు పట్టవలెనో చెప్పు పెద్దలు మనకుండిరి. దీనికి మాత్రము ఆచారము లేదు, సామెత కూడ లేదు. ఈ రోగులు తమ త్రోవ తామే వేసికొనవలసి వచ్చినది.

ఆ త్రోవ ఎట్లు సాగునో పరిశీలించినవారిలో రైక్స్‌మన్, లెవీ అను ఇరువురు వైద్యులు ముఖ్యులు. ఇరువదియైదుగురు రోగులను నాలుగేండ్లు గమనించి 1972లో వారు ప్రకటించిన పరిశీలన చిన్నదే యైనను, ఆ తరువాత ఈ విషయమును గూర్చి ఆలోచించిన వారందరికిని అది ఆధారమైనది. మనస్సు మూడు దశలలో నడచునని వారు గమనించిరి. మొదటిది ఊరట దశ. అన్నము సయింపక, వాంతులతో, ఆయాసముతో, వాచిన ముఖముతో వచ్చిన మనిషికి నాలుగైదు పర్యాయములు రక్తము శుద్ధియైన పిమ్మట ఊపిరి హాయిగా ఆడును, నాలుకకు రుచి తెలియును, రాత్రి నిద్ర పట్టును. పునర్జన్మ వచ్చినట్లే అతడు సంతసించును, యంత్రమునకు మ్రొక్కును. కొన్ని వారములో కొన్ని నెలలో ఇట్లు గడచును. పిమ్మట రెండవ దశ వచ్చును. అది నిరాశ దశ. ఇది తరచుగా రోగి మరల ఉద్యోగమునకో ఇంటి బాధ్యతకో పోదలచిన సమయముననే ప్రారంభమగునని ఆ వైద్యులు వ్రాసిరి. ఏలయన, తాను మునుపటి మనిషిని కానని అతనికి స్పష్టముగా తెలియునది అప్పుడే. మూడవది దీర్ఘకాలికమైన సర్దుబాటు. అందులోను ఉత్సాహము, దిగులు ఒకదాని వెంట ఒకటి వచ్చుచుపోవుచుండును.

మన ఇండ్లలో జరుగు పొరపాటు ఈ రెండవ దశకు సంబంధించినది. మొదటి మాసములలో నవ్వుచు మాటలాడిన మనిషి ఆరవ మాసమున గోడవైపు తిరిగి పడుకొన్నచో, "ఇంత ఖర్చుపెట్టి బాగుచేయించితిమి, ఇప్పుడేమి వచ్చినది?" అని చుట్టములు అబ్బురపడుదురు. కొందరు కృతఘ్నత యందురు, కొందరు గాలి సోకినదందురు. నిజమునకు అతడు అప్పుడే తన నష్టములను లెక్క చూచుకొనుచున్నాడు. ఉద్యోగము పోయినది, లేక చిన్నదైనది. కండ తగ్గినది. చర్మము నల్లబారినది. దాంపత్యసుఖము సన్నగిల్లినది, దీనిని గూర్చి భార్యాభర్తలు తమలో తాము కూడ పెదవి విప్పరు. ఇంటికి అన్నము పెట్టిన చేయి ఇప్పుడు ఆటోకూలి కొరకు కొడుకు ఎదుట చాపవలసి వచ్చినది. ఇన్ని పోగొట్టుకొనిన మనిషి ఏడ్వకున్నచో ఆశ్చర్యపడవలెను గాని ఏడ్చినందుకు కాదు. ఒక మనిషి చనిపోయినచో పదునొకండు దినములు కూర్చుండి ఏడ్చుటకు మన సంప్రదాయము అనుమతించినది; బ్రతికియుండగానే తన పూర్వజీవితమును పోగొట్టుకొన్నవానికి ఒక్క పూటయైనను అనుమతింపకపోవుట న్యాయమా?

తెలుగునాట ఈ వ్యాధిని తలచినంతనే ఉద్దానము మనస్సున మెదలును. శ్రీకాకుళము జిల్లాలో ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల మేర సముద్రతీరమున పచ్చగా పరచుకొనిన ఆ సీమ కొబ్బరికి, జీడిమామిడికి, పనసకు ప్రసిద్ధము. అట్టి తోటల నడుమ, మధుమేహము గాని పూర్వమునుండి రక్తపుపోటు గాని లేని రైతులకు, కూలీలకు మూత్రపిండములు మెల్లమెల్లగా క్షీణించిపోవుచున్నవి. త్రాగునీటిని, మట్టిని, పురుగుమందులను, ఎండలో చెమటోడ్చి పనిచేయుటను ఎందరో పరిశోధకులు పరీక్షించిరి. ఇదియే కారణమని ఒక్కదానిని వ్రేలెత్తి చూపుట నేటికిని సాధ్యము కాలేదు. ఒకప్పుడు అచటి రోగులు రక్తశుద్ధికై సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణము చేసి విశాఖపట్టణము పోవలసియుండెడిది. తరువాత సోంపేట, పలాస, కవిటి మొదలగు చోట్ల కేంద్రములు వెలసినవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి ఆ గ్రామములకు త్రాగునీరు తెచ్చు పథకము కూడ అప్పుడే ప్రారంభమైనది. డయాలసిస్ రోగులకు ప్రభుత్వము నెలకు 10,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నది. ఈ పింఛను అన్నమునకును రాకపోకలకును మాత్రమే ఉపకరించునని తలపవలదు. ఇంటికి భారమైతినని క్రుంగినవానికి నెల మొదట తన పేర వచ్చిన సొమ్ము తన చేతితో ఇల్లాలికి ఇచ్చుటలో ఉన్న గౌరవము ఏ ఔషధమునకును తీసిపోదు.

ఆ సీమలోని ఒక కొబ్బరితోట యజమాని మాట నాకు మరపునకు రాదు. డెబ్బదికి దగ్గరపడిన ఆ పెద్దాయన ఊరివారికి బొండములు కోయించి పంచిపెట్టుచు, తాను మాత్రము గ్రుక్కెడు నీరైనను నోట పోసికొనక, "ఏటి బాబూ, చెట్టు నాది, బొండం నాది, నీళ్ళు మాత్రం నాకు విషమట!" అని నా వంక చూచెను. ఆయన అన్నది అక్షరాల నిజము. కొబ్బరినీటిలో పొటాషియము అధికము. చెడిన మూత్రపిండములు దానిని వెలికి పంపలేవు. అది రక్తములో పెరిగినచో గుండె లయ తప్పి అకస్మాత్తుగా ఆగిపోవచ్చును. జ్వరము వచ్చినవానికి, వడదెబ్బ తగిలినవానికి, ప్రయాణము చేసి వచ్చిన అతిథికి మొదట అందించు పానీయము ఇట్లు నిషిద్ధమగుటలో ఉన్న బాధ పథ్యపు పట్టికలో కనబడదు. అరటిపండు వలదు, బత్తాయిరసము వలదు, కూరగాయలు తరిగి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయవలెను, ఆవకాయ వలదు, ఎండుచేప వలదు అని వరుసగా చెప్పుకొనిపోవు పోషకాహార నిపుణులు, తాము ఆ మనిషికి దూరము చేయుచున్నది ఉప్పును మాత్రమే కాదనియు, పండుగలను, పంక్తిభోజనమును, తల్లి వంటచేతిని కూడ ననియు ఒక్కసారి తలపవలెనని నా మనవి. చెప్పవలసినది చెప్పక తప్పదు. చెప్పు తీరున ఆ ఎరుక ఉండవలెను.

అన్నిటికంటె కఠినమైనది దాహము. మూత్రము దాదాపు ఆగిపోయినవాడు దినమునకు ఒక లీటరుకు లోబడిన ద్రవముతో సరిపెట్టుకొనవలెను. మజ్జిగ, కాఫీ, చారు, మాత్ర మ్రింగు నీరు అన్నియు ఆ లెక్కలోనివే. ఒక్క పర్యాయపు శుద్ధికి యంత్రము గుండా సుమారు 120 లీటర్ల ద్రావణము ప్రవహించుచుండగా, దాని ప్రక్కన పడుకొన్నవాడు ఎండిన పెదవులను తడిగుడ్డతో ఒత్తుకొనుచుండును. మే మాసమున మన ఎండలలో దీని అర్థమేమో వివరింపనక్కరలేదు. ఇట నేను కన్న ఒక ఇంటి సంగతి చెప్పవలెను. భర్త త్రాగు ప్రతి గ్లాసును భార్య లెక్కపెట్టుచు, చెంబు మీద చేయి వేసినచో వారించుచు, రాత్రివేళ బిందెకు మూతపెట్టి దాని మీద బరువు ఉంచెడిది. ఆమె ఉద్దేశము ఆయన ప్రాణము కాపాడుట. ఆయన చాటుగా పెరటి కుళాయి దగ్గరకు పోయి త్రాగెడివాడు. మరుసటి పర్యాయము బరువు చూచునప్పుడు నాలుగు కిలోలు పెరిగినట్లు బయటపడును, అంత నీటిని నాలుగు గంటలలో లాగుటచే బీపీ పడిపోవును, పిక్కలు పట్టివేయును, ఇరువురును ఏడ్తురు. తుదకు డయాలసిస్ కేంద్రములోని సిస్టరు ఆమెకు ఒక ఉపాయము చెప్పినది: ప్రొద్దుటనే ఒక సీసాలో ఆ దినపు నీటిని కొలిచి ఆయన చేతికే ఇచ్చివేయుము, ఆపైన నీవు చూడవలదు, అడుగవలదు. నోరు మరీ ఎండినప్పుడు నీటికి బదులు మంచుముక్కయొకటి చప్పరించుటయు, ఉప్పు తగ్గించినచో దాహమే తగ్గుటయు ఆయన తానే నేర్చుకొనెను. సాయంకాలమునకు సీసాలో రెండు గ్రుక్కలు మిగిలినచో వానిని రాత్రికి దాచుకొనెడివాడు. బరువు తగ్గినది, అంతకంటె ముఖ్యముగా ఆ దంపతుల నడుమ కాపలా తగ్గినది. నీరు అంతయే, నియమము అంతయే. నియమమును పాలించువాడు మాత్రము మారెను.

అధికారమని నేను మొదట అన్నది ఇట్టిదానిని గూర్చియే. డయాలసిస్ గదిలోనికి అడుగిడిన మనిషి తన దేహమును ఇతరుల చేతికి అప్పగించును. మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపి కుట్టిన ఫిస్ట్యులాలోనికి లావైన రెండు సూదులు గ్రుచ్చుదురు. 1966లో న్యూయార్కు వైద్యులు బ్రెషియా, సిమినోలు ప్రకటించిన ఈ శస్త్రవిధానమే నేటికిని రోగులకు శ్రేష్ఠమైన ఆధారము. ఆ చోట వ్రేళ్ళు ఆనించినచో లోపల రక్తము గిర్రున పోవుచున్నట్లు ఒక అదురు తెలియును. అనుభవము గల రోగి నిద్రలేచిన వెంటనే దేవునికి దండము పెట్టుటకు ముందే ఆ అదురును చూచుకొనును. అది ఉన్నచో దినము మొదలైనట్లు. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనీయడు, ఆ చేతితో బరువెత్తడు, ఆ చేయి తలక్రింద పెట్టుకొని నిద్రింపడు. సూది గ్రుచ్చు టెక్నీషియను క్రొత్తవాడైనచో, "అక్కడ కాదు బాబూ, మొన్న పొడిచింది ఇంకా మానలేదు, ఒక వేలు పైకి వెయ్యి" అని తానే చూపును. నిమిషమునకు సుమారు 300 మిల్లీలీటర్ల రక్తము ఆ గొట్టముల గుండా బయటికి వచ్చి పోవుచుండగా, తెరమీది అంకెలు చూచి ఏమి జరుగుచున్నదో గ్రహించును. ఇట్లు చూపువాడును గ్రహించువాడును చదువుకొన్నవాడే కానక్కరలేదు. సంతకము చేయనేరని తల్లులు అధికమైన నీరు తీసివేసిన పిమ్మట ఉండవలసిన తమ ఎండుబరువు ఎంతయో, గత మాసపు హిమోగ్లోబిన్ ఎంతయో తడుముకొనక చెప్పుట నేను విన్నాను. అట్టివారిని "నీకెందుకమ్మా, మేము చూచుకొందుము" అని అణచివేయు ఆసుపత్రి తనకు తెలియకయే వారి ఔషధములలో ఒకదానిని లాగివేసికొనుచున్నది.

సియాటిల్‌లో 1964 నాటికే రోగులకు తమ యంత్రమును తామే నడుపుకొనుట నేర్పి ఇండ్లకు పంపసాగిరి. ఆసుపత్రిలో చోటును సొమ్మును చాలకపోవుటయే దానికి హేతువైనను, తన చికిత్సను తానే చేసికొనుట మనిషికెంతటి నిబ్బరమిచ్చునో అందువలన లోకమునకు తెలిసినది. మన గ్రామములలో ఇంట రక్తశుద్ధియంత్రము పెట్టుకొనుట కష్టమే. కాని కడుపులోని పొరనే జల్లెడగా వాడుకొని, సంచులతో ద్రవము నింపి తీయు మరియొక పద్ధతి కలదు. దానికి శుభ్రమైన ఒక గది, శ్రద్ధగల రెండు చేతులు చాలును. దినమునకు నాలుగు మారులు చేయవలసియున్నను, బస్సులలో తిరుగు బాధ తప్పును. దూరపు పల్లెలవారు వైద్యుని దీనిని గూర్చి తప్పక అడుగవలెను. అడిగి వలదనుకొనుట వేరు, ఉన్నదని తెలియకయే ఉండిపోవుట వేరు.

ఇక సామాన్యమైన దిగులునకును చికిత్స కావలసిన కుంగుబాటునకును భేదము తెలియుట ఇచట అతికష్టము. నీరసము, ఆకలి లేమి, నిద్ర పట్టమి, దేనియందును రుచి లేమి: ఇవి మూత్రపిండవ్యాధి లక్షణములు, కుంగుబాటు లక్షణములు కూడ. అందుచేత రెండవది మొదటిదాని చాటున దాగిపోవును. డయాలసిస్ మీద ఉన్నవారిలో సుమారు నాల్గవ వంతు మంది వైద్యసహాయము అవసరమగునంతటి కుంగుబాటుతో బాధపడుచున్నారని వేర్వేరు దేశముల పరిశోధనలు తెలుపుచున్నవి. 2019లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరీక్షలో కొందరికి మానసికచికిత్సకులు డయాలసిస్ కుర్చీ దగ్గరకే వచ్చి, ఆ గంటలలోనే సంభాషణచికిత్స చేసిరి, మరికొందరికి ఔషధమిచ్చిరి. పండ్రెండు వారములలో ఉభయులకును మేలు కలిగినది. ఔషధము పుచ్చుకొన్నవారికి మేలు కొంచెమధికము, ఇబ్బందులును కొంచెమధికము. ఆ అంకెల కంటె నన్ను ఆకర్షించినది ఆ ఏర్పాటు. నాలుగు గంటలు కదలక పడుకొనియుండు మనిషి దగ్గరకు పోయి కూర్చుండి మాటలాడుటకు ఇంతకంటె అనుకూలమైన సమయమున్నదా? మన కేంద్రములలో ఆ నాలుగు గంటలు గోడమీది టెలివిజను పాలగుచున్నవి.

మాటలాడువారు లేరని నేననుట సంపూర్ణసత్యము కాదు. ప్రక్క మంచమువాడు ఉన్నాడు. ఒకే జట్టులో ఏండ్లతరబడి కలిసికొనువారి నడుమ చుట్టరికమునకు మించిన పలకరింపు ఏర్పడును. కులము, ఆస్తి, చదువు ఆ గుమ్మము దగ్గరనే నిలిచిపోవును. "అన్నా, ఈ వారం ఎంత పట్టావు?" అని ఒకరినొకరు బరువు అడుగుకొందురు, క్రొత్తగా వచ్చి సూదిని చూచి వణకుచున్న పిల్లవానికి, "తల తిప్పుకో నాయనా, రెండు లెక్కబెట్టేలోగా అయిపోద్ది" అని ముసలాయన చేయి పట్టుకొనును. వైద్యుడు ఇచ్చు అభయము కంటె ఆ చేయి వానికి ఎక్కువ. కాని ఆ సోదరభావమునకే ఒక శోకము జతపడియున్నది. ఒక సోమవారము నాడు మూడవ మంచము ఖాళీగా ఉండును. లేక దాని మీద ఎరుగని మనిషి పడుకొని యుండును. ఎవ్వరును అడుగరు, సిబ్బందియు చెప్పరు. భయపెట్టకూడదని వారి ఉద్దేశము. అందరికిని తెలిసిన దానిని అందరును దాచుటచే ప్రతివాడును ఆ నాలుగు గంటలు తన మరణమును తానొక్కడే తలపోసికొనుచుండును. పేరెత్తి ఒక మాట చెప్పుట మేలు. ఆయన పోయినాడని, ఇంటివారిని చూచి వచ్చితిమని సిస్టరు చెప్పినచో గదియంతయు నిట్టూర్చును, ఎవరో ఆయన మంచితనమును తలచుకొందురు, ఒకరిద్దరు కన్నీరు పెట్టుకొందురు. పిమ్మట యంత్రములు నడచును. మరణించినవానికి ఆ మాత్రపు గౌరవము దక్కినచో బ్రతికియున్నవారికి ధైర్యము తానై వచ్చును.

స్త్రీల సంగతి వేరుగా చెప్పక తప్పదు. భర్త రోగియైనచో భార్య పథ్యము వండును, తోడు పోవును, తన మూత్రపిండము సైతమిచ్చును. మన దేశమున బ్రతికియుండి మూత్రపిండమిచ్చువారిలో స్త్రీలు అధికము, పుచ్చుకొనువారిలో పురుషులు అధికము. అదే భార్య రోగియైనచో, డయాలసిస్ ముగించుకొని ఇంటికి వచ్చి, కన్నులు తిరుగుచుండగా పొయ్యి వెలిగించి, తాను తినరాని కూరలు అందరికిని వండిపెట్టును; తన చప్పిడి కూర వేరుగా వండుకొనుటకు ఓపిక లేక మజ్జిగన్నముతో సరిపుచ్చుకొనును. "నా వలన ఇంటికి ఖర్చు" అని ఒక పర్యాయము మానివేయును. ఆమె నియమము తప్పినదని కసరువారు, ఆ ఇంట ఆమెకు వండిపెట్టువారెవరని ముందుగా విచారింపవలెను.

మూత్రపిండమార్పిడి మీది ఆశయు మనస్సును రెండు విధముల నడపును. తల్లి ఇచ్చెదనన్నచో పుచ్చుకొనలేక, కాదనలేక నలిగిపోవు కొడుకులున్నారు. మరణించినవారి అవయవముల కొరకు 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున జీవన్‌దాన్ పథకము ఏర్పడినది; నేడు రెండు రాష్ట్రములలోను సాగుచున్నది. అందు పేరు నమోదు చేయించుకొన్నవాడు ఫోను మ్రోగిన ప్రతిమారు ఉలికిపడును. ఆ పిలుపు ఒక ఏడు రాకపోవచ్చును, మూడేండ్లు రాకపోవచ్చును. అంతవరకు బ్రతుకును వాయిదా వేసికొని కూర్చుండుట మంచిది కాదు. బిడ్డ పెండ్లి చూడవచ్చును. ముందుగా మాటలాడుకొని మరొక ఊరి కేంద్రములో ఒక పర్యాయము ఏర్పాటు చేసికొన్నచో తిరుపతి యాత్రయు చేయవచ్చును, చేసివచ్చినవారు కలరు. వారిలో ఒకరు కొండనుండి ప్రసాదము తెచ్చి తన జట్టులో అందరికిని చిటికెడు చిటికెడు పంచిన దినమున ఆ గదిలో ఎవ్వరును టెలివిజను వైపు చూడలేదు.

"ఇక చాలును, మానివేసెదను" అని రోగి అన్న మాటను గూర్చి ఒక విన్నపము. ఆ మాట వినినంతనే నోరు మూయింపవలదు, ఒట్టు వేయింపవలదు. ఆ మాటలో పలు అర్థములుండును: సూది నొప్పి భరింపలేకున్నాననుట కావచ్చును, అప్పులను గూర్చిన దిగులు కావచ్చును, కుంగుబాటు కావచ్చును, వార్ధక్యమున, ఇతరరోగములతో కృశించినవాని విషయమున నిజముగా ఆలోచించి చేసిన నిర్ణయమును కావచ్చును. ప్రక్కన కూర్చుండి, ఏమి బాధించుచున్నదని అడిగి, చెప్పినంతసేపు వినినచో అది ఏదో తెలియును. తెలిసిన పిమ్మట వైద్యునితో కలిసి ఆలోచింపవచ్చును. నొప్పికి మందున్నది, కుంగుబాటునకు చికిత్సయున్నది. ఇంటిలో చెప్పుకొనలేనివారు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. అది ప్రభుత్వము వారి టెలిమానస్ సహాయకేంద్రము, రేయింబవళ్ళు పనిచేయును, తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. రోగులే చేయవలెనను నియమము లేదు; ఏండ్లతరబడి తోడు నడచి అలసిన భార్యలు, తల్లులు, కొడుకులును చేయవచ్చును. నంబరు మరియొకమారు చెప్పుచున్నాను, వ్రాసికొనుడు: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.